పిక్క పట్టిందా, కండ చిరిగిందా? తేల్చుకున్నాకే చెయ్యి వేయాలి

నాట్లప్పుడు నడుము, పత్తి ఏరేటప్పుడు మెడ, కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తాలు మోసేటప్పుడు వీపు, తాడిచెట్టు ఎక్కేవాళ్ళకు పిక్క. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కండల నొప్పి లేని ఇల్లు దొరకదు. అన్నిటికీ ఒకటే పేరు, "నరం పట్టింది". అన్నిటికీ ఒకటే మందు, రుద్దుడు.

నష్టం ఇక్కడే మొదలవుతుంది. పట్టేసిన కండను సాగదీస్తే నిమిషంలో వదులుతుంది. చిరిగిన కండను అలాగే సాగదీసి రుద్దితే చిరుగు పెద్దదై, వారంలో మానాల్సింది నెలన్నర పడుతుంది. ఇక కొన్ని నొప్పులు పైకి కండ నొప్పిలాగే ఉంటాయి కానీ అసలు రోగం వేరే. ఈ మూడింటినీ విడదీయడం వస్తే సగం వైద్యం అయిపోయినట్టే.

లోపల జరిగేది

కండ అంటే సన్నని పోగుల కట్ట. నరం నుంచి సంకేతం రాగానే పోగులు ఒకదానిలోకి ఒకటి జారి కండ పొట్టిదవుతుంది, సంకేతం ఆగితే వదులవుతుంది. బాగా అలసిన కండలో ఈ లెక్క తప్పుతుంది. బిగుసుకొమ్మనే సంకేతం ఆగకుండా వస్తుంది, "ఇక చాలు" అని టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు) నుంచి వెన్నుకు వెళ్ళాల్సిన కబురు తగ్గిపోతుంది. కండ గడ్డ కట్టినట్టు ముడుచుకుంటుంది. పట్టేయడమంటే ఇదే. సాగదీసినప్పుడు టెండన్ మీద లాగుడు పడి ఆ కబురు మళ్ళీ మొదలవుతుంది, అందుకే కండ వదులుతుంది. నరం మీద నరం ఎక్కడం అనేది ఉండదు. చేతికి తగిలే ఆ ముద్ద ముడుచుకున్న కండే.

చిరగడం వేరు. పోచంపల్లి మగ్గం మీద పడుగు పోగులు తెగడాన్ని తలచుకోండి. కొన్ని పోగులే తెగితే మొదటి దశ: నొప్పి ఉంటుంది, బలం పెద్దగా తగ్గదు, ఒకటి నుంచి మూడు వారాల్లో మానుతుంది. చాలా పోగులు తెగితే రెండో దశ: వాపు, కమిలిన నలుపు, బలహీనత, నాలుగు నుంచి ఎనిమిది వారాలు. కండ గానీ టెండన్ గానీ పూర్తిగా తెగితే మూడో దశ: నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఆపరేషన్ తప్పదు. బెణుకు ఇంకోటి. అందులో సాగేది కండ కాదు, కీలు దగ్గర ఎముకను ఎముకకు కలిపే లిగమెంట్.

ఎలా తేల్చుకోవాలి

ముందు మొదలైన తీరు అడగండి. పడుకున్నప్పుడో, పని చివర్లోనో, దెబ్బా లాగుడూ లేకుండా ఒక్కసారిగా బిగుసుకుంటే అది పట్టేయడం. బస్తా ఎత్తుతుండగా, కబడ్డీలో ఉరుకుతుండగా, గట్టు మీద కాలు జారినప్పుడు "చుర్రు"మని మొదలైతే చిరగడం. వెనక నుంచి ఎవరో రాయితో కొట్టినట్టుందని చాలామంది చెబుతారు. పిక్క చిరిగినవాళ్ళు చెప్పే మాట దాదాపు ఇదే.

తర్వాత చెయ్యి పెట్టి చూడండి. పట్టేసిన కండ మొత్తం రాయిలా తగులుతుంది, కొన్ని నిమిషాల్లో మెత్తబడుతుంది. చిరిగిన కండలో ఒక్కచోట వేలు పెడితే ప్రాణం పోతుంది, మిగతా కండ మెత్తగానే ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో చర్మం కింద నలుపు కనిపించొచ్చు. నెత్తురు కిందికి దిగుతుంది కాబట్టి ఆ నలుపు చిరిగిన చోట కాకుండా మడమ దగ్గర తేలినా ఆశ్చర్యపోవద్దు.

ఎటూ తేలకపోతే చిరిగిందనే అనుకుని మొదటి రెండు రోజులు గడపండి. పట్టేసిన కండకు దానివల్ల నష్టమేమీ లేదు.

పట్టేసిన పిక్కను వదిలించడం

అర్ధరాత్రి, మంచం మీద, నిద్రలోనే పాదం కిందికి వంగి పిక్క గుండ్రాయిలా అవుతుంది. మొదట అందరూ చేసే పని మోకాలు ముడుచుకుని పిక్కను పిసకడం. మోకాలు ముడిస్తే పిక్క ఇంకా పొట్టిదవుతుంది, పట్టు ఇంకా బిగుస్తుంది. చేయాల్సింది దానికి తలకిందులు:

1. మోకాలు పూర్తిగా చాపండి. నొప్పి వల్ల కాకపోతే పక్కనున్నవాళ్ళు మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా ఆనించాలి.
2. కాలివేళ్ళ కింది మెత్తటి భాగాన్ని పట్టుకుని పాదాన్ని ముఖం వైపు లాగండి. చెయ్యి అందకపోతే తువ్వాలను పాదం చుట్టూ వేసి రెండు కొసలు పట్టి లాగండి. బొటనవేలు ఒక్కటే లాగితే సరిపోదు, మొత్తం పాదం రావాలి.
3. కుదుపుల్లేకుండా అలాగే 30 సెకన్లు పట్టి ఉంచండి. మళ్ళీ బిగుసుకుంటే ఇంకోసారి. రెండు మూడు సార్లలో వదులుతుంది.
4. వదిలాక లేచి నాలుగడుగులు వేయండి, అప్పుడు మెల్లగా రుద్దండి. రుద్దాల్సిన సమయం ఇదే. నొప్పి ఛాయ మర్నాటి దాకా ఉంటే వేడి నీళ్ళ కాపడం 15 నిమిషాలు చాలు.

తొడ వెనక పట్టేస్తే వెల్లకిలా పడుకుని మోకాలు చాపి కాలిని పైకెత్తించుకోండి. తొడ ముందు పట్టేస్తే నిలబడి గోడ పట్టుకుని, మడమను పిర్ర దాకా తెచ్చుకోండి. అరికాలు పట్టేస్తే లేచి పాదం మీద బరువు వేసి నిలబడితే చాలు.

ఎండలో పట్టేస్తే

నల్లగొండ మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు వెళ్తుంది. ఆ ఎండలో ఉపాధి పనో, ఇటుకల బట్టీ పనో చేస్తుంటే ఒళ్ళంతా కారే చెమటతో నీళ్ళొక్కటే కాదు, ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్ళే కడుపునిండా తాగితే మిగిలిన ఉప్పు ఇంకా పలచబడుతుంది. అందుకే బిందెడు నీళ్ళు తాగినా పిక్కలు, కడుపు కండలు పట్టేస్తూనే ఉంటాయి.

పని ఆపి నీడకు రండి. ఓఆర్‌ఎస్ పొట్లం మీద లీటరుకు అని ఉందో 200 మిల్లీలీటర్లకు అని ఉందో చదివి, అన్ని నీళ్ళలోనే కలపండి. లీటరు పొట్లాన్ని గ్లాసులో కలిపితే ఉప్పు ముదిరి వాంతులవుతాయి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలగొట్టిన చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. గంటలో అర లీటరు నుంచి లీటరు దాకా గుక్కగుక్కగా తాగాలి. ఓఆర్‌ఎస్ పేరుతో పెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాలు ఈ పనికి రావు. ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది కూడా.

పనికి పోయే రోజు తైదంబలి (రాగి అంబలి) గానీ, గట్కలో ఉప్పేసిన మజ్జిగ పోసుకుని గానీ తాగి బయల్దేరడం మన పెద్దలు నేర్పిన మంచి అలవాటు, దాన్ని వదలొద్దు. పనిలో ఉన్నప్పుడు 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్ళు చాలు. గంటకు లీటరున్నర దాటొద్దు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఉప్పు ఎంత వేసుకోవాలో డాక్టర్నే అడగాలి.

పట్టేసిన మనిషి మాట తడబడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా, చూపు నిలవకపోయినా అది వడదెబ్బ. బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసురుతూ 108 పిలవండి. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే కండలు కరిగి కిడ్నీల మీద పడుతున్నాయని అర్థం. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

రాత్రుళ్ళు మళ్ళీమళ్ళీ పట్టేస్తుంటే

అరవై దాటినవాళ్ళకు, గర్భిణులకు ఇది మామూలే. పడుకునే ముందు గోడకు మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మడమలు నేల వదలకుండా ముందుకు వంగండి. పిక్కలో లాగుడు తెలియాలి. 20 నుంచి 30 సెకన్లు, మూడు సార్లు. తర్వాత కాళ్ళు చాపి కూర్చుని తొడ వెనక భాగాన్ని కూడా అలాగే సాగదీయండి. 55 దాటినవాళ్ళతో ఆరు వారాలు రోజూ పిక్కలు, తొడలు సాగదీయించి చూసిన ఒక పరిశోధన నెదర్లాండ్స్ నుంచి 2012లో వచ్చింది. రాత్రి పట్టేయడాలు తగ్గాయి. పైసా ఖర్చు లేదు, కానీ రెండు రోజులు చేసి ఫలితం లేదని మానేస్తే లాభం లేదు.

మెగ్నీషియం మాత్రలు మాత్రం ఊరికే కొనొద్దు. పెద్దవయసువాళ్ళలో వాటివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని, పరిశోధనలన్నీ కలిపి తూచే కాక్రేన్ సమీక్ష 2020లో తేల్చింది. కాళ్ళు గుంజుతున్నాయని మలేరియా మందు క్వినైన్ వేసుకోవడం ప్రమాదం, అది గుండె లయను, నెత్తురు గడ్డకట్టే తీరును దెబ్బతీయగలదు.

బీపీకి ఇచ్చే మూత్రం మాత్రలు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు కూడా కండలు పట్టించగలవు. మీ అంతట మీరు మానొద్దు, రాసిన డాక్టరుకు చెప్పండి. వారంలో రెండు మూడు రాత్రులు ఇలాగే ఉంటే షుగరు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), క్యాల్షియం, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. బీడీ తాగేవాళ్ళకు ఫర్లాంగు నడవగానే పిక్క పట్టి, నిలబడితే వదిలి, మళ్ళీ అంతే దూరానికి పడుతుంటే కాలి రక్తనాళం సన్నబడిందేమో చూపించుకోవాలి.

చిరిగితే: మొదటి మూడు రోజులు

పని అక్కడితో ఆపండి. "ఈ నాలుగు బస్తాలు అయిపోనీ" అన్నప్పుడే మొదటి దశ రెండో దశ అవుతుంది.

ఐసు ముక్కలను తడిగుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టండి, రెండు మూడు గంటలకోసారి, రెండు రోజులు. చర్మానికి నేరుగా తగలనివ్వొద్దు. ఐసు నొప్పి తగ్గిస్తుంది, అంతవరకే. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలెత్తడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, ఐసు ఎక్కువైతే మానడం ఆలస్యం కావచ్చని తర్వాత తానే సవరించుకున్నారు. కాబట్టి రోజంతా ఐసు మీద పెట్టి కూర్చోవద్దు.

క్రేప్ బ్యాండేజీ కట్టే తీరు మీదే ఫలితం ఉంటుంది. పిక్కకు 10 సెంటీమీటర్ల వెడల్పుది, తొడకు 15 సెంటీమీటర్లది తీసుకోండి. ఎప్పుడూ కింది నుంచి పైకే. పిక్కకైతే కాలివేళ్ళ మొదట్లో రెండు చుట్లు వేసి, మడమ దాటించి, ఒక్కో చుట్టు కింది చుట్టును సగం కప్పేలా మోకాలి కింది దాకా తేవాలి. కింద కొంచెం బిగువు, పైకి పోయేకొద్దీ వదులు. పై నుంచి కిందికి కట్టినా, పైన బిగించినా పాదం పొంగుతుంది. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో ఎర్రబడాలి. వేళ్ళు తిమ్మిరెక్కినా, చల్లబడినా విప్పి మళ్ళీ కట్టండి. నిద్రపోయేటప్పుడు తీసేయండి. పడుకున్నప్పుడు కాలు గుండె కన్నా ఎత్తులో, రెండు దిండ్ల మీద ఉండాలి.

ఈ మూడు రోజులూ ఉప్పుమూట కాపడం, వావిలాకు కాపడం, మర్దన, కల్లు, సారా ఏవీ వద్దు. ఇవన్నీ చిరిగిన చోట నెత్తురును పెంచుతాయి. బలంగా దెబ్బ తగిలి కమిలిన తొడను గట్టిగా రుద్దితే కొన్నిసార్లు కండలోనే ఎముక పెరుగుతుంది. అది కరగడానికి నెలలు పడుతుంది. వావిలాకు కాపడం మీద నమ్మకముంటే నాలుగో రోజు నుంచి, వాపు దిగాక పెట్టుకోండి.

మడమ పైన "టప్"మని శబ్దం వచ్చిందంటే ఈ పరీక్ష చేయండి. మనిషిని బోర్లా పడుకోబెట్టి పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా ఉంచండి. పిక్కను చేత్తో నొక్కండి. మంచి కాలిలో పాదం కదులుతుంది. దెబ్బ తగిలిన కాలిలో కదలకపోతే మడమ టెండన్ తెగింది. ఇది నాటు కట్లతో, పసరుతో అతకదు. ఆ వారంలోనే ఎముకల డాక్టరు చూడాలి, ఆలస్యమైతే ఆపరేషన్ కష్టమవుతుంది. కండ మధ్యలో వేలు దిగే గుంట తగిలినా, ఆ కాలి మీద నాలుగడుగులు కూడా వేయలేకపోయినా అంతే తొందర.

నాలుగో రోజు నుంచి పనిలోకి

నెల రోజులు మంచం మీద పడుకోబెట్టడం ఇంకో పొరపాటు. కొత్తగా పుట్టే పోగులు లాగుడు ఉన్న వైపుకే వరుసగా పేరుకుంటాయి. కదలిక లేకపోతే అడ్డదిడ్డంగా అతికి, మళ్ళీ అక్కడే చిరుగుతాయి. నొప్పికి పదిలో ఎన్ని మార్కులో మీరే వేసుకోండి. మూడు దాకా ఫరవాలేదు. మూడు దాటినా, మర్నాడు పొద్దునకు తగ్గకపోయినా ఒక మెట్టు దిగండి.

పిక్కకైతే మొదట కూర్చుని పాదం పైకీ కిందికీ రోజుకు మూడు పూటలా 20 సార్లు. తర్వాత గోడ పట్టుకుని రెండు మడమలూ సగం ఎత్తి 30 సెకన్లు ఆపడం, ఐదు సార్లు. నొప్పి లేకపోతే మడమలు పూర్తిగా ఎత్తి దించడం, 10 నుంచి 15 చొప్పున మూడు విడతలు. ఆ తర్వాత ఒంటి కాలి మీద. చివరగా గడప మెట్టు అంచున నిలబడి రెండు కాళ్ళతో లేచి, దెబ్బ తగిలిన కాలితో మెల్లగా మడమను కిందికి దించడం. దించేటప్పుడు నాలుగు లెక్కపెట్టాలి. బలం వచ్చేది ఈ దించడంలోనే. ఒంటి కాలి మీద మంచి కాలితో ఎన్నిసార్లు లేవగలరో దెబ్బ తగిలిన కాలితోనూ అన్నిసార్లు లేచి, గెంతినా నొప్పి లేనప్పుడే తాడెక్కండి, కబడ్డీకి పొండి. అంతకుముందు పోతే అదే చోట మళ్ళీ చిరుగుతుంది. తొడ వెనక కండలో ఇది మరీ ఎక్కువ.

హమాలీలకు ఒక మాట. తిరిగి పనికి పోయిన రోజే 40 కిలోల బస్తా ఎత్తొద్దు. రెండు మూడు రోజులు 10, తర్వాత 20, వారం తర్వాత నిండు బస్తా. కుదరకపోతే ఆ వారం కాంటా దగ్గరో, సంచులు కుట్టే దగ్గరో పని అడగండి.

నడుము, మెడ పట్టేస్తే

నడుము ఒక్కసారిగా పట్టేసి ఒక పక్కకు వంగిపోతే భయపడతారు. ఎక్కువ సార్లు ఇది రెండు నుంచి ఆరు వారాల్లో తగ్గేదే, మొదట్లోనే ఎమ్మారై అక్కర్లేదు. నేల మీద చాప వేసి వెల్లకిలా పడుకుని, పిక్కలు రెండూ కుర్చీ మీద పెట్టండి. తుంటి, మోకాళ్ళు లంబంగా వంగి నడుము మీద బరువు దిగిపోతుంది. పది నిమిషాలు అలా ఉండి, ఒక పక్కకు తిరిగి చేతి ఆసరాతో లేవండి. గంటకోసారి ఐదు పది నిమిషాలు నడవండి. ఒకటి రెండు రోజులకు మించి మంచం పట్టొద్దు. చిరిగిన కండలా కాకుండా పట్టేసిన నడుముకు మొదటి రోజే వేడి కాపడం మంచిది. వేడిని మణికట్టు లోపలి వైపు చూసుకుని పెట్టండి. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్ళకు కాలినా తెలియదు.

మెడకూ వేడే. నొప్పి లేనంత మేర ఎడమకు, కుడికి తిప్పుతుంటే వారంలో వదులుతుంది. క్షౌరశాలలో టప్‌మని మెడ విరిపించుకోవడం మాత్రం ఎప్పటికీ మానేయండి. ఆ కుదుపులో మెదడుకు వెళ్ళే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి.

మాత్రలు, సూదులు

పెద్దవాళ్ళకు పారాసెటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు మించొద్దు. రోజూ తాగేవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు చెబితేనే. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పరగడుపున వద్దు, కిడ్నీ జబ్బు, అల్సరు, గర్భం ఉన్నప్పుడు వద్దు. ఎండలో ఒళ్ళు ఎండిపోయిన రోజు అసలే వద్దు, నీరు తగ్గిన కిడ్నీని అవి ఇంకా నొక్కుతాయి. కండ వదులు చేసే మాత్రల్లో చాలా వాటికి నిద్రమత్తు ఉంటుంది. అవి వేసుకుని ట్రాక్టరు ఎక్కొద్దు, రాత్రి మోటరు పెట్టడానికి బావి కాడికి పోవద్దు. థయోకోల్చికోసైడ్ ఉన్నది వారం దాటొద్దు, గర్భిణులకు ఇవ్వకూడదు.

ఊళ్ళో "ఒక్క సూదితో దిగిపోతుంది" అంటే ఆ సూదిలో ఏముందో అడగండి. పిర్రలో తప్పు చోట పడిన సూది కాలి నరాన్ని దెబ్బతీసి పాదం వేలాడేలా చేయగలదు. స్టెరాయిడ్ కలిపితే ఆ పూట హాయిగానే ఉంటుంది. పదేపదే వేయించుకుంటే షుగరు పెరుగుతుంది, తుంటి ఎముక కుళ్ళిపోవచ్చు.

కండ నొప్పిలా కనిపించే వేరే రోగాలు

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు దశాబ్దాలు బోరు నీళ్ళు తాగినవాళ్ళకు నడుము, మెడ బిగుసుకుంటే అది ఫ్లోరోసిస్ కావచ్చు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. కృష్ణా నీళ్ళు వచ్చినా, అప్పటికే ఎముకల్లో చేరింది మిగిలే ఉంటుంది. మూడు పనులు చేయించి చూడండి: మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు చాపి మడిచి తల వెనక ముట్టుకోవడం. ఇవి చేతకాకపోతే ఎక్స్‌రే తీయించండి. బిగిసింది లిగమెంట్లు, ఎముకలు కాబట్టి రుద్దితే వదలదు. అలాంటి మెడను, వీపును బలవంతంగా వంచితే వెన్నుపాముకే దెబ్బ.

వాంతులకు సూదో మాత్రో వేసిన కొన్ని గంటల్లో మెడ ఒక పక్కకు తిరిగిపోయి, కళ్ళు పైకి పోయి, నాలుక వంకర పోతే దయ్యం కాదు, ఆ మందు వికటించింది. ముఖ్యంగా పిల్లల్లో. ఆస్పత్రిలో విరుగుడు సూదితో తొందరగా తగ్గుతుంది. ఇనుప మొల దిగిన కొన్ని రోజులకు దౌడలు పట్టి నోరు తెరవలేకపోతే ధనుర్వాతం. అల్ప్రాజోలం, డైజిపాం అనే మత్తు మందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడి ఒక్కసారిగా మానేసినవాళ్ళకు ఒళ్ళు వణికి, కండలు ఎగిరి, మూర్ఛలు వస్తాయి. వాళ్ళకు కాపడం కాదు, ఆస్పత్రి కావాలి. మత్తు మందును మెల్లమెల్లగా తగ్గించి మాన్పించే పద్ధతి అక్కడ ఉంటుంది.

ఒక్క పిక్కే ఉబ్బి, వెచ్చగా, ఎర్రగా ఉంటే, అందులోనూ ఆపరేషన్ తర్వాతో కాన్పు తర్వాతో అయితే, సిరలో నెత్తురు గడ్డ కట్టి ఉండొచ్చు. చెయ్యి కూడా వేయొద్దు. రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోగలదు. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, రెండు కాళ్ళూ బలం తప్పినా గంటల్లో పెద్దాసుపత్రికి చేరాలి. అర్ధరాత్రయినా సరే. 108లో ఎక్కేటప్పుడు అంతకుముందు వేసిన మాత్రల రేకులు, సూది సీసా ఉంటే అదీ సంచిలో వేసుకుపొండి. డాక్టరు మొదట అడిగేది అదే.